జొన్నపిండితో పండుగ కేకు

పండుగ వచ్చుచున్నదనగా మా ప్రాంతపు ఇండ్లలో పొయ్యి మీదికి ముందుగా ఎక్కునది నూనె మూకుడు. బతుకమ్మకు మలీద ముద్దలు, సంక్రాంతికి సకినాలు, గరిజెలు, అరిసెలు, ఉగాదికి భక్ష్యములు - ఈ వరుస మా పెద్దలకు కంఠస్థము. ఈ వరుసలోనికి కేకు కూడ వచ్చి చేరినది. పిల్లల పుట్టినదినములకును, క్రిస్మసునకును, ఆంగ్ల సంవత్సరాదికిని పట్టణపు అంగడి నుండి డబ్బాలో దిగుచుండిన ఈ పదార్థమును ఇంటనే చేసికొనవలెనను కోరిక అనేక గృహిణులకు కలుగుచున్నది. కోరిక కలుగుట సులభము; పిండి పొంగుట కష్టము. పొంగనిది ఎందుకు పొంగదో, పొంగినది ఎందుకు కుంగునో, కుంగనిది ఎందుకు పొడియై రాలునో తెలిసినచో ఆ కష్టము సగము తీరును. ఆ తెలివి మాకు ఎట్లు కలిగినదో ఇచట చెప్పుదుము.

మేముండునది మొయినాబాదునకును చేవెళ్లకును నడుమ. మూసీపై 1920లో పూర్తియైన గండిపేట జలాశయమును, ఈసీపై 1927లో పూర్తియైన హిమాయత్ సాగరును వెనుక విడిచి, మర్రిచెట్లకు పేరుపొందిన బీజాపురము బాట వెంట పడమరకు వచ్చినచో మా పొలములు కానవచ్చును. తెల్లవారక పూర్వమే బంతిపూలు, చామంతులు, క్యారెట్లు, టొమాటోలు, ఆకుకూరలు నగరపు అంగళ్లకు తరలిపోవుచుండును. జొన్నచేలు పూర్వమున్నంతగా నేడు లేవు. అయినను రాత్రివేళ జొన్నరొట్టె వాసన రాని వీధి మా ఊర ఉండదు. క్యారెట్టు చేనిలోను, జొన్న గాదెలోను, బెల్లము అటుక మీదను ఉండగా, కేకునకు మాత్రము మైదా, చక్కెర, గ్రుడ్డు తప్పవా యను ప్రశ్న మాకు చాలకాలము తోచనే లేదు. తోపించినవారు మా అత్తగారు.

ఆమె గ్రుడ్డు ముట్టరు. మైదా వస్తువు తిన్న పూట కడుపు బరువని చెప్పుదురు. ఒక సద్దుల బతుకమ్మనాడు మా ఇంట పిల్లలు అంగడి కేకు తెచ్చి కోసిరి. ఇంటిల్లిపాదియు తినిరి. ఆమె మాత్రము ఒక మలీద ముద్దను చేతబట్టుకొని అరుగు చివర కూర్చుండి, “మీరు తినుండ్రి బిడ్డా, నాకు గిదే చాలు” అనిరి. ఆ మాటలో నిష్ఠురము లేదు. కాని అది మా మనసున నిలిచిపోయినది. పంక్తిలో ఒకరు చేయి కడుగుకొని కూర్చుండవలసిన వస్తువు పండుగ వస్తువెట్లగును? వచ్చు పండుగకు ఆమె కూడ తినదగిన కేకు ఈ పొయ్యి మీదనే చేయవలెనని నిశ్చయించుకొంటిమి.

నిశ్చయించుకొనుటకు ఒక నిమిషము పట్టినది. చేయుటకు ఏడాది పట్టినది.

మొదట తెలిసికొనవలసిన సంగతి ఇది. కేకునందు ప్రతి వస్తువునకును ఒక పని కలదు. గోధుమ పిండికి నీరు తగిలి కలియబెట్టినపుడు అందలి మాంసకృత్తులు ఏకమై గ్లూటెను అను సాగెడు జిగురుగా మారును. పూరీ పిండి సాగుటయు, చపాతి చిరుగకుండుటయు దీని వలననే. కేకునందు ఈ జిగురును, గ్రుడ్డులోని మాంసకృత్తులును కలిసి పలుచని గోడలు కట్టును. వంట సోడా గాని, బేకింగు పౌడరు గాని బొగ్గుపులుసు వాయువును పుట్టించి ఆ గోడల నడుమ బుడగలను నింపును. పొయ్యి వేడికి బుడగలు ఉబ్బును. తడి ఆవిరియై వానిని మరింత ఉబ్బించును. అంతలో గ్రుడ్డు గట్టిపడును, పిండి ఉడుకును, గోడలు నిలిచిపోవును. చక్కెర తీపి నిచ్చుటయే గాక తడిని పట్టియుంచును. వెన్నయు నూనెయు జిగురు మితిమీరి బిగియకుండ చూచి మెత్తదనము నిచ్చును.

కావున ఒక వస్తువును తీసివేయుట యనగా ఒక పనివానిని పంపివేయుట. వాని పనిని మరియొకరికి ఒప్పగింపక పంపినచో ఏమగునో మా మొదటి కేకు చూపినది.

మైదాకు బదులు అంతే తూకము జొన్నపిండి, గ్రుడ్లకు బదులు పెరుగు, చక్కెరకు బదులు బెల్లము వేసితిమి. చూచుటకు ముచ్చటగా వచ్చెను. కత్తి తగులగనే ఇసుక గూడు వలె రాలిపోయెను. పిల్లలు నవ్వుచు చెంచాలతో తినిరి. జొన్నలో మాంసకృత్తులు లేకపోలేదు. కాని అవి గోధుమలోని వానివలె సాగెడు జిగురు కావు. గ్రుడ్డును కూడ తీసివేసితిమి గనుక గోడ కట్టువాడే లేకపోయెను.

రెండవమారు, పొంగు చాలనందున రాలినదని పొరబడి, సోడాను రెట్టింపు చేసితిమి. ఈ కేకు మా ఇంటికొరకు మాత్రమే కాదు. పొరుగింటివారు తమ బిడ్డ పుట్టినదినమునకు అడిగి, వెల కూడ ముందే ఇచ్చియుండిరి. పొయ్యి మీద అది గోపురము వలె లేచెను. దింపిన పది నిమిషములకు నడుమ గుంటపడెను. రంగు నల్లబారెను. రుచి చూచినచో నాలుక మీద సబ్బు తగిలినట్లుండెను. ఆ సాయంకాలము వెల తిరిగి ఇచ్చి, చేతులు జోడించి, ఆ బిడ్డకు పాయసము వండి పంపితిమి. వారు ఒక మాటయు అనలేదు. అనకపోవుటయే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

సోడా రెట్టింపైన పొంగు ఎందుకు రెట్టింపు కాదు? వంట సోడా క్షారము. పెరుగులోను, బెల్లములోను గల కొద్దిపాటి ఆమ్లముతో కలిసినపుడు అది వాయువును విడుచును. ఆ ఆమ్లమునకు సరిపోవునంత సోడా మాత్రమే అట్లు ఖర్చగును. మిగిలినది వేడికి విచ్చి, కొంత వాయువు నిచ్చి, వెనుక చాకలిసోడాను మిగుల్చును. సబ్బు రుచియు నల్లరంగును దాని వలన కలిగినవే. పైగా గోడలు బలహీనముగా నున్నచోట గాలి ఎక్కువైనచో బుడగలు పగిలి ఒకదానిలో నొకటి కలిసిపోవును; కేకు కుంగును. రెండు వందల గ్రాముల పిండికి అర చెంచా సోడా చాలును. పావులీటరు పెరుగు సుమారుగా అర చెంచా సోడాను విరుచును. పెరుగు తగ్గించినచో ఆ లోటును బెల్లముతోను, నిమ్మరసముతోను పూరింపవలెను.

మూడవమారు కొలతలు సరిగానే యున్నవి. తొందర మాత్రము సరిగా లేదు. పిండి కలిపిన తరువాత పాత్రను వేడిచేయుటకు పూనుకొంటిమి. సోడాయు పెరుగును కలిసిన క్షణము నుండియే వాయువు పుట్టి పైకి పోవుచుండును. పాత్ర కాగువరకు పిండి ఎదురుచూచినది, బుడగలు ఎదురుచూడలేదు. కేకు అట్టు వలె వచ్చెను. నాటినుండి పాత్ర కాగిన తరువాతనే సోడాను పిండిలో కలుపుట మాకు నియమమైనది.

ఇన్ని జరిగినను రాలిపోవు జబ్బు తీరలేదు. దాని మందు మా వంటింటిలోనే, మా కన్నుల యెదుటనే, ప్రతి రాత్రియు తయారగుచుండెను, మేము చూడలేదు. ఒకనాటి రాత్రి మా అత్తగారు రొట్టెలు తట్టుచుండగా, అంత పలుచని రొట్టె విరుగకుండ ఎట్లు వచ్చుచున్నదని అడిగితిమి. ఆమె మా వైపు వింతగా చూచి, “సల్లనీళ్లు పోస్తె ఇరుగుతది బిడ్డా. ఎసరు మస్లినంక పోస్తెనే పిండి పట్టుకుంటది” అనిరి.

ఆ ఒక్క మాటలో మాకు కావలసిన శాస్త్రమంతయు ఉన్నది. జొన్నలో సాగెడు జిగురు లేదు గాని పిండిపదార్థము సమృద్ధిగా కలదు. మసలు నీరు తగిలినపుడు ఆ పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి, ఉబ్బి, చిక్కని గంజియగును. ఆ గంజియే మిగిలిన పిండిని పట్టి యుంచును. గోధుమ పిండిపదార్థము కంటె జొన్నది కొంత ఎక్కువ వేడికి గాని ఉడుకదు. గోరువెచ్చని నీరు చాలక, మసలిన ఎసరే కావలసి వచ్చుట అందువలననే. తరతరములుగా రొట్టె తట్టిన చేతులకు ఇది తెలియును. రొట్టెకు పనికివచ్చినది కేకునకు ఏల పనికిరాదు?

మరునాడు జొన్నపిండిలో నాలుగవ వంతును వేరుగా తీసి, నీటితో జావ కాచి, చల్లార్చి, మిగిలిన పిండిలో కలిపితిమి. ఆ దినమున మొదటిసారి కత్తి వెంట ముక్క నిలిచి వచ్చినది.

ఇట్లు చేతనున్న వస్తువుతో కేకును మార్చుకొన్నవారిలో మేము మొదటివారము కాము. ఇంగ్లండులోని బర్మింగుహాము పట్టణమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను మందుల వ్యాపారి యుండెను. ఆయన భార్యకు గ్రుడ్డు సరిపడదు. రొట్టెను పొంగించు ఈస్టును సరిపడదు. ఆమె కొరకు ఆయన 1837లో గ్రుడ్డు లేని కస్టర్డు పొడిని, 1843లో ఈస్టు అక్కరలేని బేకింగు పౌడరును కనిపెట్టెను. నేడు లోకమంతట అంగళ్లలో అమ్ముచున్న ఆ రెండు పొడులును ఒక ఇల్లాలు పంక్తిలో కూర్చుండి తినవలెనను కోరికతో పుట్టినవే. మన దేశమున, కేరళలోని తలశ్శేరియందు మాంబల్లి బాపు అను బిస్కత్తుల వ్యాపారి 1883లో ఒక తెల్లదొర తెచ్చి చూపిన క్రిస్మసు కేకును రుచి చూచి, దొర చెప్పిన విదేశపు బ్రాందీకి బదులు స్థానికపు పండ్ల నుండి తీసిన సారమును వాడి, తన కేకును తాను చేసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులో 1940లో చక్కెరకు రేషను వచ్చినపుడు అచటి గృహిణులు తీపి కొరకు క్యారెట్టు కోరును కేకులలో వేసికొనిరి. ఆ రేషను 1953 వరకు తీరలేదు. కొరత యున్నచోట, లేక ఒకరికి సరిపడనిచోట, కేకు రూపు మారినది; మారి నిలిచినది.

మా ప్రాంతమునకు దగ్గరగానే ఈ కృషి పెద్దయెత్తున జరుగుచున్నది. రాజేంద్రనగరునందలి భారత చిరుధాన్య పరిశోధనా సంస్థ జొన్న మొదలగు ధాన్యముల పిండ్లతో బిస్కత్తులు, కేకులు మున్నగునవి చేయు విధానములను రూపొందించినది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా జరిపినది.

ఇక కొలతలు చెప్పుదుము. జొన్నపిండి 120 గ్రాములు, గోధుమపిండి 80 గ్రాములు, తురిమిన బెల్లము 150 గ్రాములు, సన్నగా కోరిన క్యారెట్టు 150 గ్రాములు, చిలికిన పెరుగు 120 గ్రాములు, కరగిన నెయ్యి గాని వాసన లేని నూనె గాని 80 గ్రాములు, వంట సోడా అర చెంచా, నిమ్మరసము ఒక చెంచా, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు, ఇష్టమైనంత జీడిపప్పు. గోధుమపిండి జిగురునకు, అది మైదా కాదు గనుక మా అత్తగారికి అభ్యంతరము లేదు.

జొన్నపిండిలో 30 గ్రాములను 120 మిల్లీలీటర్ల నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నసెగపై చిక్కబడువరకు కాచి చల్లార్చవలెను. బెల్లమును కొద్దిగా వేడిచేసి కరగించి, వడగట్టి, చల్లారనిచ్చి పెరుగులో కలుపవలెను. వేడి పాకము పోసినచో పెరుగు విరుగును. దానిలో జావయు, నెయ్యియు, క్యారెట్టు కోరును, నిమ్మరసమును చేర్చవలెను. పిండ్లను, సోడాను, ఉప్పును వేరుగా రెండుమార్లు జల్లించి యుంచి, పాత్ర కాగిన పిమ్మట తడి పదార్థములో వేసి, పొడి కనబడనంత వరకు మాత్రమే త్రిప్పవలెను. కవ్వముతో చిలుకరాదు.

ఓవెను గలవారు 180 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద సుమారు ముప్పావుగంట కాల్చవచ్చును. ఓవెను లేనివారు చింతింపనక్కరలేదు. దట్టమైన ఇనుప పాత్రలో అంగుళము మందమున ఇసుక పోసి, దానిపై చిన్న ముక్కాలిపీట యుంచి, బరువైన మూత వేసి, పది నిమిషములు కాచి, పిమ్మట కేకు గిన్నెను లోనుంచి సన్నసెగపై ఒక గంట వరకు ఉంచవలెను. మొదటి అరగంట మూత తీయరాదు. నడుమ గ్రుచ్చిన శుభ్రమైన పుల్లకు తడిపిండి అంటనపుడు కేకు కాలినట్లు. ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదునందు మొహర్రము దినములలో చేయు దమ్ కే రోట్ పేరులోనే ‘దమ్ము’ ఉన్నది. కోస్తా జిల్లాలలో మినపరొట్టెను మూతపై నిప్పులు పోసి కాల్చుటయు ఇట్టిదే. క్రిందను మీదను వేడి తగిలించు ఉపాయము మన పెద్దలకు చిరపరిచితము.

కాలిన కేకును వెంటనే కోయరాదు. జొన్నలోని గంజి చల్లారిన పిమ్మటనే గట్టిపడును. రెండు గంటలు ఆగినచో ముక్క నిలుచును. ఆగకున్నచో మా మొదటి కేకు వలె రాలును.

మూలము తెలిసిన తరువాత పండుగకు తగినట్లు మార్చుకొనుట తేలిక. సంక్రాంతికి గరిజెలలో పెట్టు నువ్వులు, బెల్లము, కొబ్బరి కలిసిన పూర్ణమును సగము పిండిపై పరచి, పైన మిగిలిన పిండి పోసినచో రుచికరముగ నుండును. క్రిస్మసునకు ఎండుద్రాక్ష, ఖర్జూరము ముక్కలను రాత్రియంతయు బత్తాయి రసములో చల్లని పెట్టెయందు నానబెట్టి క్యారెట్టుకు బదులు వేయవచ్చును. నానినవానిని బాగుగా వడగట్టవలెను. లేనిచో తడి ఎక్కువై కేకు అడుగున ముద్దగా మిగులును.

రెండు హెచ్చరికలు మాత్రము చేయుదుము. బెల్లము వేసినందున కేకు తీపి వస్తువు కాకపోదు. బెల్లములో నున్నదియు ముఖ్యముగా చక్కెరయే. మధుమేహము గలవారికి ‘జొన్న కేకు, బెల్లము కేకు, ఏమియు కాదు’ అని చెప్పి పెట్టుట తప్పు. ఇక ఇంట చేసి అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద నమోదు చేయించుకొనవలెను. గ్రుడ్డు కలిసినదా, గోధుమ కలిసినదా, జీడిపప్పు కలిసినదా యని అడుగక పూర్వమే చెప్పవలెను. జొన్న కేకు అన్నంత మాత్రమున గోధుమ లేదని కొనువారు తలంచవచ్చును. గోధుమ సరిపడనివారికి అది హాని చేయును. చేసిన దినము కూడ వ్రాసి ఇచ్చుట మంచిది. ఈ కేకు బయట రెండు దినములకు మించి నిలువదు. పొరుగింటివారికి ఇచ్చిన ఆ కేకు తరువాత మేము రుచి చూడని ముక్క మా గడప దాటలేదు. ఆ బిడ్డ మరుసటి పుట్టినదినమునకు వారు మరల అడిగిరి. ఈమారు వెల తీసికొనలేదు.

సద్దుల బతుకమ్మ తిరిగి వచ్చినది. తంగేడు, గునుగు పూల బతుకమ్మను చెరువునకు సాగనంపి ఇంటికి వచ్చిన తరువాత, మలీద ముద్దల పళ్లెము ప్రక్కన జొన్న కేకును పెట్టితిమి. మొదటి ముక్కను మా అత్తగారి చేతికి ఇచ్చితిమి. గ్రుడ్డు లేదని, మైదా లేదని, ఆమె చెప్పిన ఎసరు ఉపాయమే ఇందులో ఉన్నదని చెప్పితిమి. ఆమె కొంచెము త్రుంచి నోట వేసికొని, నిదానముగ నమిలి, పిల్లల వైపు తిరిగి, “గిది కేకా? మలీద లెక్కనే ఉన్నది గద” అనిరి.

పిల్లలకు ఆ మాట నచ్చలేదు. మాకు మాత్రము ఏడాది శ్రమకు అంతకు మించిన బిరుదు తోచలేదు. ఎందుకనగా ఆమె అంతటితో ఆగక, పళ్లెము దగ్గరకు జరిగి, రెండవ ముక్కను తానే తీసికొనిరి.